క్రిస్మస్ తాత తపాలా మోసినాయన

మా వీధికి పద్దెనిమిదేళ్ళు ఉత్తరాలు పంచిన పోస్టాయన పోయారు. ఆ మాట నాకు చెప్పింది కూడా ఒక పోస్టుమానే. మంగళవారం పదకొండు గంటలకు, ఇప్పుడు మా వీధికి వచ్చే కొత్తాయన ఒక ఇన్‌లాండు కవరు నా చేతిలో పెట్టి, సైకిలు తిప్పుకోబోతూ ఆగాడు.

"పెరియంపట్టి పెద్దాయన లేడు టీచరమ్మా. నిన్న పొద్దున ఆవుకు కుడితి పెడతా పెడతా కూలబడినాడంట. మీకు చెప్పమని ఎవురూ అనలా, నేనే చెప్తా ఉండాను."

ఉత్తరం వచ్చిన పూటే చదివి జవాబు రాయడం నా అలవాటు. ఆ ఇన్‌లాండు కవరు మాత్రం మరునాటి దాకా మేజా మీద అలాగే ఉండిపోయింది.

ఆయన పొడగరి కాదు. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉండేది, కాని బొత్తాలు అన్నీ ఉండేవి. ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో పాఠం చెప్పినదాన్ని, నా కళ్ళు ముందు వెళ్ళేది బొత్తాల మీదికే. ఆయనది మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. తెలుగు అక్షరాలు రావు. ఈ ప్రాంతపు మావాళ్ళలో చాలామందికి రావు. మా నాయన పట్టుబట్టి నేర్పించాడు గనుక నాకు వచ్చాయి.

సైకిలు బెల్లు ఆయన అందరి ఇంటి ముందూ ఒకేలా కొట్టేవారు కాదు. పెళ్ళి శుభలేఖ అయితే వీధి మొదటి నుంచే మోగిస్తూ వచ్చేవారు. చావు కబురు కార్డయితే బెల్లు ముట్టకుండా, సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చి, "ఇంకెవురన్నా ఉండారా లోపల?" అని అడిగేవారు. ఒంటిగా ఉన్న మనిషి చేతికి ఆ కార్డు ఇచ్చేవారు కాదు. పక్కింటివాళ్ళను పిలిచి, వాళ్ళు వచ్చాక ఇచ్చేవారు. నా కొడుకు సేలం రోడ్డులో లారీ కింద పడి పోయినప్పుడు తంతి తెచ్చింది ఆయనే. ఆ రోజు నేనూ, నా కోడలూ ఇద్దరమూ ఇంట్లో ఉన్నామని చూసుకున్నాకే చేయి చాపారు.

మా వీధి చివర ఒక మిషన్ స్కూలు ఉంది. మా హిందువుల పిల్లలూ అందులోనే చదువుతారు. నా మనుమరాలు కూడా అక్కడే. ఒక డిసెంబరులో అక్కడి సిస్టరమ్మ పిల్లలకు క్రిస్మస్ తాత కథ చెప్పి, ఆయనకు ఉత్తరం రాయండి అన్నారట. నోటుపుస్తకంలో రాసి తనకు చూపిస్తారని ఆమె అనుకున్నారు. మా పిల్లలు ఆ కాగితాలు చించి, మడిచి, నేరుగా వీధి మూలనున్న ఎర్ర పెట్టెలో వేసి వచ్చారు. కవరు లేదు, స్టాంపు లేదు. పైన "క్రిస్మస్ తాత, మంచు దేశం" అని మాత్రం ఉంది. ఒకడు జాగ్రత్తపరుడు, "ఊటీకి అవతల" అని దారి కూడా రాశాడు.

ఆఫీసులో వాటిని చెత్తబుట్టలో వేయమన్నారట. పోస్టాయన వేయలేదు. కట్టగట్టి తెచ్చి నా ముందు పెట్టారు. నేను లెక్కపెట్టాను, ముప్పై ఒకటి.

"పెట్టెలో పడినాక అది తపాలానే టీచరమ్మా. యాడ పారేసేది?"

"అయితే నన్నేం చేయమంటావు?"

"జవాబు రాయాల. మీకు మూడు భాషలు వచ్చు. మీ రాత గుండ్రంగా ఉంటాది."

"లేని మనిషి పేరుతో పిల్లలకు అబద్ధాలు రాయాలా?"

"అబద్ధం ఏంటికి? నిజమే రాయండి. కింద తాత పేరు పెట్టండి, సరిపోతాది."

ఇవ్వలేనిది ఇస్తానని రాయను, తప్పులుంటే తప్పులని రాస్తాను అని షరతు పెట్టి ఒప్పుకున్నాను. మొదటి జవాబు చదివి ఆయన చాలాసేపు తల గోక్కున్నారు.

"పావం, పిల్లోడు బొంగరం అడిగినాడు. తాత తొమ్మిది తప్పులు దిద్ది పంపినాడు. ఇట్లయితే వచ్చే ఏడు తాత దిక్కుకు ఎవురూ చూడరమ్మా. రవంత బెల్లం పెట్టండి."

"బెల్లం పెట్టడం నాకు రాదు."

"నేను చెప్తా, మీరు రాయండి."

అలా అరవంలో రాసిన జవాబులే ఏటేటా మా వీధి పిల్లలకు వెళ్ళాయి. మాట ఆయనది, రాత నాది. బొంగరం అడిగినవాడికి ఆయన చెప్పి రాయించింది ఇది: "బొంగరాలు నా దగ్గర ఈసారి అయిపోయినాయి. మీ వీధి ఆశారి దగ్గర మంచి కట్టె తునక ఉండాది. నేను పంపినానని అడుగు." ఆ మాట రాయించక ముందే ఆ వడ్రంగి ఆశారికి చెప్పి పెట్టి వచ్చారని నాకు తరువాత తెలిసింది. పిల్లలు గుర్తుపట్టకూడదని నేను అచ్చు అక్షరాల్లా విడివిడిగా రాసేదాన్ని. ఆయన సిరాబుడ్డి మూతను ఊదా సిరాలో ముంచి పైన గుండ్రంగా ఒక గుర్తు వేసేవారు. ముద్ర లేకపోతే పిల్లకాయలు నమ్మరు అనేవారు.

ఆ ఉత్తరాలు చదువుతూ నేను నవ్వడం ఆయన చూశారు. నన్ను నవ్వుతుండగా చూసినవాళ్ళు తక్కువ. ఒక పిల్ల ఇలా రాసింది: "మా మేక రెండూ పోతులే ఈనింది. ఒకదాన్ని మార్చి పెంటిపిల్లను ఇచ్చి పోండి. మా అవ్వకు చెప్పొద్దు, ఆమె వాటికి పేర్లు పెట్టేసింది." ఇంకొకడు: "మా ఇంటికి పొగగొట్టం లేదు. వంటింటి పైన ఒక పెంకు పగిలింది, నాయన బాగుచేయలేదు, అందులోంచి దిగండి. కింద ఊరగాయ జాడీ ఉంది, చూసుకొని కాలు పెట్టండి." లెక్కల టీచరుకు జ్వరం రావాలని ఒకడు కోరాడు. చిన్న జ్వరం చాలు, మూడు రోజులు, ఆమె మంచిదే అని కింద చేర్చాడు.

ఒకటి మాత్రం నవ్వించలేదు. "మా నాయన బెంగళూరులో కట్టడం పనికి పోయినాడు. దీపావళికి వస్తానన్నాడు, రాలేదు. మీ బండి ఆ దారిలో వస్తే ఎక్కించుకొని రండి. మా నాయన లావు లేడు." పోస్టాయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. "దీనికి రాయొద్దు టీచరమ్మా, నేను చూస్తా." ఆ తండ్రి వచ్చాడో లేదో నాకు తెలియదు. ఉత్తరం ఉన్నా లేకపోయినా ఆయన ఆ ఇంటి ముందు వారానికోసారి సైకిలు ఆపి పలకరించేవారని మాత్రం తెలుసు.

ఆయన తరచు చెప్పే మాట ఒకటి ఉంది. "ఉత్తరానికి సొంతదారు పైన పేరుండే మనిషేనమ్మా. రాసినోడూ కాదు, మోసినోడూ కాదు." ఆ మాట విని తల ఊపినదాన్నే నేను. ఇప్పుడు చెప్పబోయేది ఆ మాటను నేను ఎలా కాలరాశానన్నది. ఇది చెప్పకుండా ఆయనను తలచుకుంటే ఆయన తలుపు ముందు నిలబడి బెల్లు కొట్టకుండా వెనక్కి పోయినట్టే.

నా కొడుకు పోయిన నాలుగో ఏట, అంటే ఎనభై రెండులో, కోడలు బాలవాడి టీచరు పనికి అర్జీ పెట్టింది. పెట్టిన తరువాతే నాకు చెప్పింది. పని వత్తల్‌మలై మీద. కొండకు బస్సు లేదు, కింది నుంచి నడిచి ఎక్కాలి. "అక్కర్లేదు, ఇక్కడ నీకు ఏం తక్కువైంది?" అన్నాను. "సరి అత్తా" అంది. నేనేం చెప్పినా ఆమె అదే అనేది. అది ఒప్పుకోవడమని నేను అనుకునేదాన్ని.

నవంబరులో ఒక రోజు పోస్టాయన సర్కారు ముద్ర ఉన్న గోధుమరంగు కవరు తెచ్చారు. కోడలు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. "చిన్నమ్మకు ఇయ్యండి" అని నా చేతికి ఇచ్చి వెళ్ళారు. నేను దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను. విప్పలేదు. ఇంకొకరి ఉత్తరం విప్పే అలవాటు నాకు లేదు. ఆమె కొండెక్కితే పిల్లను కూడా తీసుకుపోతుంది, ఇంట్లో నేనూ, గోడ మీద నా కొడుకు ఫోటో మిగులుతాము. కారణం అంతే. ఆడమనిషి ఒంటిగా కొండ మీద, పిల్ల చదువు, నలుగురి నోళ్ళు, ఇవన్నీ తరువాత నేను కూర్చుకున్నవి.

మరునాటి నుంచి కోడలు రోజూ గేటు దగ్గర నిలబడేది.

"నాకేమన్నా సర్కారు ఉత్తరం ఉండాదా అన్నా?"

ఆయన వరండాలో ఉన్న నా వైపు చూశారు. నేను పేపరులోకి చూశాను.

"ఈపొద్దుకు లేదమ్మా" అన్నారు.

ప్రతిరోజూ ఆ మాటే అన్నారు, అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ అనలేదు. ఆ పొద్దుకు నిజంగానే లేదు. ఒకసారి ఆమె లోపలికి వెళ్ళాక మెట్ల దగ్గర ఆగి, సైకిలు గొలుసు సరిచేస్తున్నట్టు వంగి, "సర్కారు ఉత్తరాలకు గడువుంటాదమ్మా" అన్నారు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

మొదటి రోజే ఇచ్చి ఉంటే అది ఒక ఉత్తరం. వారం తరువాత ఇస్తే ఒక సంజాయిషీ. నెల దాటాక దాన్ని ఎలా ఇవ్వాలో నాకు తోచలేదు. ఇన్నాళ్ళు ఎక్కడుంది అని ఆమె అడుగుతుంది. చింపేయడానికి చేయి రాదు. గడువు ఎప్పుడో తెలుసుకుందామంటే కవరు విప్పాలి. తాళంచెవి నా నడుములోనే ఉండేది. బీరువాలో ఉన్నది కవరే అయినా తాళం పడింది నా మీద. అన్నం ముందు కూర్చుంటే కోడలు వడ్డిస్తూ నా ముఖం చూసేది కాదు, నేను ఆమె ముఖం చూసేదాన్ని కాదు. ఇల్లు రోజురోజుకూ ఇరుకైంది.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు పోస్టాయన సంచి లేకుండా వచ్చారు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీశారు.

"ఇది మీరే చదవాల టీచరమ్మా. అక్షరాలు అరవం, మాట మనది."

చేతిరాత చూడగానే తెలిసింది, నా మనుమరాలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో అరవం రాస్తుంది. ఇంటి మాటను బడి అక్షరాల్లో పెట్టి రాస్తే పెట్టె తెరిచినవాళ్ళకు గాని, స్నేహితులకు గాని అర్థం కాదు, తాతకు మాత్రం అన్ని భాషలూ వస్తాయి కదా అని తొమ్మిదేళ్ళ పిల్ల ఎత్తు. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇల్లు మాది ఒకటే, ఆ ఎత్తు పారనిదీ అక్కడే.

"క్రిస్మస్ తాతకు. నేను బాగుండాను. మీరు బాగుండారా. నాకు బొమ్మ వద్దు. మా అమ్మకు ఉద్యోగం ఉత్తరం రావాల. పోస్టుమామ దినామూ లేదంటాడు. మీకు తపాలా ఎక్కువ గదా, దాంట్లో కలిసిపోయిందేమో వెతకండి. దొరికితే అవ్వ చేతికి ఇయ్యొద్దండి. అవ్వ మంచిదే. కాని ఆమె తీసిపెట్టినవి మళ్ళా బయటికి రావు. నా గోళీలు రాలేదు. అమ్మ వాచీ రాలేదు. అమ్మ స్నానాల గదిలో ఏడస్తాది, చెంబు చప్పుడు వినపడతాది గాని నీళ్ళు పోసుకోదు."

నేను రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు కూడా దిద్దాలనిపించలేదు.

"నువ్వు చదివినావా?" అని అడిగాను.

"నాకు అరవ అక్షరాలు వచ్చు గదమ్మా" అన్నారు, నేల చూస్తూ. "దీనికి జవాబు నాకు దొరకలా. ఈసారి మీరే చెప్పాల."

లేచి వెళ్ళి బీరువా తెరిచి కవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "ఇది ఇంకా చేరలేదు" అన్నాను. ఆయన కవరు అటూ ఇటూ తిప్పి, అతికింపు ఊడలేదని చూసుకుని జేబులో పెట్టుకున్నారు. తరువాత నేను జవాబు రాశాను: "నీ ఉత్తరం అందింది. అమ్మ ఉత్తరం దారిలో ఉంది. అవ్వ చేతికి ఇవ్వను." ఆయన చదివి, "చాలమ్మా, ఇది నిజం" అని సిరాబుడ్డి మూత అడిగారు.

క్రిస్మస్ నాడు తపాలా సెలవు. ఆయన ఖాకీ చొక్కా వేసుకుని, వీధి మొదటి నుంచి బెల్లు కొడుతూ వచ్చి, గేటు దగ్గర కోడలిని పేరుపెట్టి పిలిచి ఆమె చేతికే ఇచ్చారు. నెలాఖరులోగా చేరాలని అందులో ఉంది. ఇంకా ఆరు రోజులు. ఆమె ముఖంలో వెలుగు వచ్చింది, వెంటనే కవరు తిప్పి తపాలా ముద్ర చూసింది.

"నవంబరు ముద్ర! ఇన్నినాళ్ళు ఇది యాడుండె?"

నేను నోరు తెరిచాను. తెరిచానని ఒట్టు వేసి చెప్పగలను. మాట రాకముందే ఆయన అందుకున్నారు.

"నా తప్పేనమ్మా. సంచి అడుగున మాసిక కుట్టు విడిపోయినాది, దాని సందులోకి జారిపోయినాది. నిన్న దులిపితే కనపడె."

"దినామూ అడిగితిని గదా! ఈ గేటు పట్టుకొని అడిగితిని గదా! ఈపొద్దుకు లేదు, ఈపొద్దుకు లేదు అంటివే! నా బతుకు నీ సంచి సందులో పెట్టుకొని వీధి వీధి తిరిగితివా?"

ఆ ఇంట్లో ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి. చుట్టుపక్కలవాళ్ళు బయటికి వచ్చారు. ఆయన తల వంచుకుని నిలబడ్డారు. "తాత పంపినాడమ్మా, నేను రాస్తిని తాతకు" అని పిల్ల తల్లి కొంగు లాగుతోంది, ఎవరూ వినడం లేదు. నేను వరండాలో స్తంభం పట్టుకుని ఉన్నాను. ఒక్క మాట చాలు. అది చెప్పలేదు.

కోడలు పిల్లను నా దగ్గరే ఉంచి పనిలో చేరింది. చేరే ముందు పైవాళ్ళకు ఫిర్యాదు రాసింది. విచారణలో ఆయన అదే సంచి కథ చెప్పి సంతకం పెట్టారు. మా వీధి తీసేసి కొండ కింది పల్లెలు ఇచ్చారు. రిటైరయ్యే దాకా ఐదేళ్ళు ఆ ఎత్తుపల్లాల్లో సైకిలు తొక్కారు. కొండ మీదివాళ్ళ తపాలా కింద టీ అంగడిలో పెట్టి పోయేవారు. అందులో కోడలివి కూడా ఉండేవి. నేను ఒకసారి గొడుగు తీసుకుని, నిజం చెప్పేద్దామని పోస్టాఫీసు మెట్ల దాకా వెళ్ళాను. రెండు కార్డులు కొనుక్కుని తిరిగి వచ్చాను.

డిసెంబరు వస్తే ఆయన మాత్రం తాత తపాలా పట్టుకుని వచ్చేవారు. "ఆమెకు చెప్పేస్తానయ్యా" అన్నాను మరుసటి ఏడు. "చెప్తే ఆ బిడ్డ మళ్ళా ఈ మెట్టెక్కుతాదా? పిల్ల మీ దగ్గర చదువుతా ఉండాది, తల్లి శనివారం దిగొస్తా ఉండాది. రానీయండి. నాకు సైకిలు అలవాటే" అన్నారు. ఆ మాట నాకు అనుకూలంగా ఉంది గనుక ఒప్పుకున్నాను. ఏడేళ్ళు ఆ అనుకూలంలోనే కూర్చున్నాను, తలుపు తీసే ఉన్నా బయటికి రాలేక.

ఈ శనివారం కోడలు వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా చెప్పాను, పోస్టాయన పోయారని. "అట్లనా" అని చెంబు బోర్లించింది. అప్పుడు మిగతాదీ చెప్పాను, నిలబడే, ఏమీ తగ్గించకుండా.

"ఎదురొస్తే తల తిప్పుకొని పోతిని అత్తా" అంది. "ఒక ఎండకాలం టీ అంగడి కాడ నీళ్ళుండాయా అమ్మా అని అడిగినాడు. చేతిలో సీసా ఉండె. ఇయ్యకుండా పోతిని."

విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కుంది. నేను ఆమె వెనకే బస్సెక్కాను.

పెరియంపట్టిలో ఆయన భార్య పంచలో కూర్చుని ఉంది, చుట్టూ బంధువులు. కోడలు వెళ్ళి ఆమె చేతులు పట్టుకుని, "మీ ఆయన తప్పు చేయలేదమ్మా. నేనే తెలీక ఫిర్యాదు రాస్తిని" అంది. ఆమెకు అర్థం కాలేదు.

"ఏ తప్పు? సంచి సంగతా? నాతో గూడా అదే చెప్పె. కుట్టు విడిపోయినాది, చూసుకోలా అని." ఆమె గొంతు తగ్గించింది. "ఆ సంచికి మాసిక వేసింది నేనమ్మా. ఆ పొద్దు తొందరలో ఒంటి కుట్టు వేస్తిని. నా కుట్టు వల్ల ఆయనకు ఆ శిక్ష పడె అని నాలోనే పెట్టుకొంటిని. ఆయనకు చెప్పలా. చెప్తే నవ్వేస్తాడు, చెప్పకుంటే మోస్తాడు, ఏంజేసేది."

అందరూ ఉన్నారు. ముప్పై నాలుగేళ్ళు నలభైమంది పిల్లల ముందు గట్టిగా మాట్లాడిన గొంతు, ఆ పంచలో ఇద్దరికి వినపడేంత కూడా లేదు. రెండోసారి చెప్పాను.

"నీ కుట్టు విడిపోలేదమ్మా. ఆ ఉత్తరం నా బీరువాలో ఉండింది."

ఆమె నన్ను చూసింది. కోడలు ఆమె పక్కనే చాప మీద కూర్చుంది. ఎవరో లోపల్నుంచి నీళ్ళు తెచ్చారు, ఎవరూ తాగలేదు. ఆయన భార్య కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో చూపుడువేలి కొనను, సూది గుచ్చుకునే చోటును, మెల్లగా రుద్దుకుంటూ కూర్చుంది.